కొరివి వెలుగు ఎవరి పేరు చెప్పినది?

ఈ మాసము మేము ఒక దీపమును గూర్చి వ్రాయబోవుచున్నాము. అది దేవాలయములో వెలిగించునది కాదు, ఇంటిలో గూటిలో పెట్టునది కాదు. చీకటి రాత్రులలో చెరువు క్రింది బురద నేలమీద, ఎవరును పట్టుకొనకుండ తనంతట తానే వెలిగి తనంతట తానే ఆరిపోవు వెలుగు. మన పల్లెలలో దానికి కొరివి దయ్యమని పేరు. దీనిని గూర్చి వ్రాయవలెనను తలంపు మాకు పుస్తకములు చదువుచుండగా పుట్టలేదు. సికింద్రాబాదు మోండా మార్కెట్టులో తోటకూర కొనుచుండగా పుట్టినది.

మోండా అనగా ఎరుగనివారికి ఒక మాట. సికింద్రాబాదు రైలు స్టేషనుకు దగ్గరలో నున్న నూరేండ్లు దాటిన అంగడి అది. లోపల గద్దెలమీద కూర్చుండు వర్తకులు వేరు, బయట గోనెపట్ట పరచుకొని కూర్చుండు పల్లె స్త్రీలు వేరు. ఈ స్త్రీలు తెల్లవారకముందే మొదటి బస్సులోనో ఆటోలోనో మూటలతో దిగుదురు. మేము ఎక్కువగా వీరియొద్దనే కొందుము. ధర కొంచెము తక్కువ అనుమాట నిజమే గాని, వీరి నోట పల్లె సంగతులు తెలియుననునదియు నిజమే.

వీరిలో అరువది దాటిన ఒక అవ్వ ఉన్నది. మా సంఘమునకు చెందినది కాదు. మేము పాస్టరు పని చేయుదుమని మాత్రము ఆమెకు తెలియును. ఒక ఉదయము ఆమె కూరకట్టలు మా సంచిలో వేయుచు, చేయి ఆపి, "అయ్యా, మీరు సదువుకున్నోళ్లు గద, ఒక మాట చెప్పుండ్రి" అని మొదలుపెట్టెను. వారి ఊరిలో చెరువు వెనుక మూడు రాత్రులు వెలుగు కనబడినదట. నీలముగా, జానెడు ఎత్తున, కాసేపు నిలిచి, కాసేపు ప్రక్కకు జరిగి, ఆరిపోయినదట. చూచినవారు నలుగురు. ఆ వెలుగు ఊరి చివరనున్న ఒక విధవరాలి ఇంటి వెనుకనే నిలిచినదని నలుగురును చెప్పిరట. నాలుగవ దినమున ఆ వీధిలో ఒక పిల్లకు జ్వరము వచ్చినది. అంతటితో ఊరు తీర్పు చెప్పివేసినది. ఆ విధవరాలు దడిమీద బీరపాదు పెంచి కాయలమ్ముకొని బ్రదుకునదట. ఇప్పుడు ఆ కాయలు ముట్టువారు లేరు. ఆమె నీళ్లకు వచ్చిన మిగిలినవారు బిందెలు తీసికొని పోవుదురు.

"మీ దేవుని గుడికి పోయేటోళ్లు గూడ ఆమె ఇంటి దిక్కు పోతలేరు అయ్యా" అని అవ్వ మెల్లగా అనెను. ఆ మాట మాకు చెంపమీద కొట్టినట్లుండెను. తరువాత ఆమె అడిగెను: "గా దీపం ఆమెదేనా?"

"కాదు" అంటిమి వెంటనే.

"మరి ఎవరిది?"

ఈ రెండవ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయెను. వెనుకనున్నవారు త్వరపెట్టుచుండిరి. మేము డబ్బులిచ్చి వచ్చివేసితిమి. అయితే "మరి ఎవరిది?" అనుమాట ఇంటివరకు మావెంట వచ్చినది. ఆ అవ్వ తెలివితక్కువది కాదు. లోకములోని ప్రజలందరు ఆ వెలుగును చూచి అడిగిన ప్రశ్ననే ఆమె అడిగినది.

మన మాటనే చూడుడి. కొరివి అనగా మండుచున్న కట్టె. తండ్రి చితికి కుమారుడు పెట్టునది తలకొరివి. గనుక ఆ పేరులో శ్మశానము వాసన ఉన్నది, కట్టెను పట్టుకొన్న చేయి కూడ ఉన్నది. ఇంగ్లాండు దేశపు పల్లెవారు విల్ అనువాడొకడు గడ్డి చూరు వెలిగించి బురద నేలలలో త్రిప్పుచున్నాడనిరి. బెంగాలు చిత్తడి నేలలలో దీనికి ఆలేయా అని పేరు. నీట మునిగి చనిపోయిన జాలరుల ఆత్మలని అక్కడివారి నమ్మకము. గుజరాతులో కచ్ఛ్ దేశపు బన్ని గడ్డిమైదానములలో ఇట్టి వెలుగులను దయ్యపు దీపములనియే పిలుతురు. భాషలు వేరు, దేశములు వేరు. ఏ ప్రజలును ఆ వెలుగును ఒంటరిగా విడిచిపెట్టలేదు. వెలుగు కనబడగానే దానిని పట్టుకొనుటకు ఒక చేతిని కల్పించిరి. చేయి ఉన్న తరువాత ఆ చేతికి పేరుండవలెను గదా. చనిపోయినవారి పేరు దొరికినంతవరకు భయమే గాని అపాయము తక్కువ. బ్రదికియున్న మనిషి పేరు దొరికిననాడు అసలు కీడు మొదలగును.

ఇంతకు ఆ వెలుగు ఏమి? చెరువు అడుగున ఆకులు, గడ్డి, తుంగ పడి మురుగును. గాలి తగులని ఆ బురదలో కంటికి కనబడని సూక్ష్మజీవులు వాటిని తిని ఒక వాయువును పుట్టించును. దానిని మీథేను అందురు. మన గోబర్ గ్యాసు పొయ్యిలో నీలముగా మండునది ముఖ్యముగా ఈ వాయువే. 1776లో వోల్టా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు మజ్జోరె సరస్సు ఒడ్డున బురదను కఱ్ఱతో కలియబెట్టి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, నిప్పు చూపగా అది నీలముగా మండెను. బురదనుండి మండు వాయువు వచ్చునని ఆనాటినుండి రూఢియైనది.

అయితే చెరువు దగ్గర నిప్పు చూపువారెవరు? మీథేను తనంతట తాను అంటుకొనదు. ఇక్కడ శాస్త్రజ్ఞులు చాలకాలము తడబడిరి. మురిగిన ఎముకలు మొదలగువాటినుండి పుట్టు భాస్వరపు వాయువులలో గాలి తగిలినంతనే అంటుకొనునది ఒకటి కలదు గనుక అదియే నిప్పురవ్వయని కొందరనిరి. 2025లో అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు రిచర్డ్ జేర్ అను రసాయన శాస్త్రజ్ఞుడును ఆయనతోటివారును మరియొక మార్గము చూపిరి. నీటిలో లేచు మిక్కిలి చిన్న బుడగలు ఒకదానినొకటి సమీపించునప్పుడు వాటి మధ్య అతి సూక్ష్మమైన మెరుపులు పుట్టుననియు, మీథేనుకు ఆ మెరుపులే చాలుననియు వారు ప్రకటించిరి. వోల్టా సీసానుండి ఈ మాటవరకు 249 సంవత్సరములు పట్టినది. ఇంకను చర్చ ముగిసినదని మేము చెప్పము. ఇంత చదువుకొన్న లోకమే రెండువందల సంవత్సరములకు పైగా "ఇంకను చూడవలసియున్నది" అని ఓర్చుకొనియుండగా, ఒక ఊరు మూడు రాత్రులలో ఒక స్త్రీ పేరు చెప్పివేసెను! మాకు ఆశ్చర్యము కలిగించునది ఆ వెలుగు కాదు, ఈ తొందర.

మరియొక సంగతి. దీనికి శాస్త్రము అవసరము లేదు, పొలము కావలి కాచిన ఎవరైనను చెప్పగలరు. చీకటిలో ఒంటరి వెలుగు ఎంత దూరములో నున్నదో కంటికి తెలియదు. ప్రక్కన చెట్టో గోడయో కనబడినప్పుడే దూరము తెలియును. చీకటిలో అవి కనబడవు. గనుక దగ్గర మిణుగురు పురుగు దూరపు లాంతరువలెను, దూరపు లాంతరు దగ్గర మిణుగురువలెను కనబడును. రాత్రి మోటారు పెట్టుటకు పోవు రైతు చేతి టార్చి కూడ దయ్యమై కనబడిన సంగతులు మాకు తెలియును. "ఆమె ఇంటి వెనుక" అని ఆ నలుగురు చెప్పినప్పుడు వారు చూచినది తాము నిలిచిన చోటునుండి ఆ ఇంటిమీదుగా పోవు ఒక గీత మాత్రమే. ఆ గీత చెరువువరకు పోవును, చెరువు దాటి పోవును. అదే నలుగురు ఆ రాత్రి చావడి దగ్గర నిలిచియున్న యెడల అదే వెలుగు పెద్దరైతు మేడ వెనుక కనబడియుండును. మన ప్రార్థన మందిరము మెట్లమీద నిలిచిన యెడల మరియొకరి కొట్టము వెనుక. అప్పుడు ఊరు పెద్దరైతు చేతి నీళ్లు మానియుండునా? మానదని మీకును తెలియును, మాకును తెలియును. వెలుగు ఎక్కడైనను నిలువవచ్చును గాని, నింద ఎల్లప్పుడు దిక్కులేనివారి గుమ్మము ముందే నిలుచును. బాణామతి పేరున తెలంగాణ పల్లెలలో దెబ్బలు తిన్నవారు, ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఎవరో తలంచుకొనుడి. ముసలివారు, విధవరాండ్రు, బీదలు. ధనవంతుని పేరు విన్నామా?

పల్లెవారిని చూచి పట్టణమువారు నవ్వవద్దు. ఇదే సికింద్రాబాదులో మాకు తెలిసిన ఒక కుటుంబమువారు, చదువుకొని ఉద్యోగములు చేయువారు, ఒక సాయంకాలము సముద్రపు రొయ్యలు కొని తెచ్చి, ఒలిచి, ఉప్పు రాసి గిన్నెలో పెట్టిరి. రాత్రి కరెంటు పోయినది. ఇంటి ఇల్లాలు మంచినీళ్లకని వంటింటిలోనికి పోగా, మూత తొలగిన గిన్నెలో రొయ్యలు నీలము కలిసిన పచ్చని కాంతితో వెలుగుచుండెను. ఆమె దయ్యమని కేక వేయలేదు, చదువుకొన్నది గదా. "మనము తెచ్చునప్పుడు గేటు దగ్గర ధర అడిగినది ఎవరు?" అని అడిగెను. అడిగినది ప్రక్కయింటావిడ. రొయ్యలు చెత్తలోనికి పోయెను. ప్రక్కయింటితో మాటలు కూడ పోయెను. రెండు క్రిస్మసులు గడచినను ఒక యింటి పిండివంట మరియొక యింటికి పోలేదు. రెండు కుటుంబములును ఒకే ఆరాధనకు వచ్చుచుండెను, ఒకే ప్రభువు బల్లలో పాలుపొందుచుండెను.

ఆ రొయ్యలను వెలిగించినది ప్రక్కయింటావిడ కన్ను కాదు. సముద్రపు నీటిలో, చేపలమీద, రొయ్యలమీద నివసించు కొన్ని సూక్ష్మజీవులు స్వయముగా వెలుగునిచ్చును. వాటికి ఉప్పు కావలెను, చల్లదనము ఇష్టము. అందుచేత మంచుమీద వచ్చిన సముద్రపు సరుకులో అవి పెరుగును గాని చెరువు చేపలో సాధారణముగా కనబడవు. ఉడికించిన యెడల చచ్చును, కాంతి ఆరును. వెలుగుట మాత్రముననే అది విషమైనదని చెప్పుటకు వీలులేదు. 2019 ఆగస్టులో చెన్నపట్టణము సముద్రతీరమున అలలు రాత్రివేళ నీలముగా వెలిగినప్పుడు అనేకులు పోయి చూచిరి. ఆ వెలుగు వేరొక సూక్ష్మజీవిది. అలలకు కదిలినప్పుడు అది మెరయును. తీరమున గుంపుగా చూచినప్పుడు వినోదమైనది, వంటింటిలో ఒంటరిగా చూచినప్పుడు అపశకునమైనది!

ఇక్కడ ఒక భక్తుని కథ చెప్పవలెను. రాబర్టు బాయిల్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఐరిషు భాషలోను మలయు భాషలోను లేఖనములు అచ్చువేయుటకు తన ధనమిచ్చినవాడు. 1672లో ఒక రాత్రి ఆయన ఇంటి పనివారు మాంసము దాచు గదిలోనికి పోయి, అక్కడ దూడమాంసము చీకటిలో వెలుగుచుండుట చూచి భయపడిరి. ఆయన ఎవరిని అనుమానించలేదు. మాంసమును తెప్పించి, ఎక్కడెక్కడ వెలుగుచున్నదో చూచెను, ముట్టి చూచెను, వాసన చూచెను. అది మురిగినదికాదని కనుగొని, చూచినదంతయు వ్రాసిపెట్టెను. ఎందుచేత వెలిగినదో ఆయనకు తెలియలేదు. సూక్ష్మజీవుల సంగతి ఆ కాలమువారు ఎరుగరు. దానికి కొన్ని సంవత్సరములకు ముందే వెలుగు కఱ్ఱను, వెలుగు చేపను గాజుపాత్రలో పెట్టి గాలి తీసివేయగా కాంతి తగ్గిపోవునని ఆయన చూచెను. తెలిసినంత వ్రాసెను, తెలియనిచోట నిలిచిపోయెను. ఆ ఇంటిలో వంటమనిషి పని పోయినదని గాని ప్రక్కయింటితో మాటలు నిలిచినవని గాని ఆ వ్రాతలో లేదు.

ఇప్పుడు జ్వరము సంగతి. "అయ్యగారూ, వెలుగు కనబడినది, జ్వరమును వచ్చినది, ఇది కూడ అబద్ధమా?" అని మీరడుగవచ్చును. అబద్ధము కాదు. రెండును జరిగినవి. దీనికి జవాబు మోండాకు కొద్ది మైళ్ల దూరములోనే ఉన్నది. మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడ్డగాలి అని అర్థము. బురద నేలలనుండి లేచు గాలివలననే చలిజ్వరము వచ్చునని వేలయేండ్లుగా వైద్యులు సహితము నమ్మిరి. బేగంపేటలో ఒక చిన్న మిలిటరీ ఆస్పత్రిలో రొనాల్డు రాస్ అను డాక్టరు, జ్వరరోగి రక్తము త్రాగిన దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచి చూచి, 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. గాలి కాదు, దోమ. దానికే 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇప్పుడు రెంటిని కలిపి చూడుడి. దోమ పెరుగుటకు నిలువ నీరు కావలెను. కొరివి వెలుగునకు మురుగు బురద కావలెను. రెండును కూడుకొనియుండు చోట వెలుగు కనబడిన కాలములో జ్వరమును వచ్చును. ఒకే కొమ్మమీద రెండు పక్షులు వ్రాలినంతమాత్రమున ఒకటి రెండవదానిని పిలిచినదందుమా? శకునములు "నిజమగుట" తరచుగా ఇట్లే. వెలుగు జ్వరమును తేలేదు, జ్వరము వెలుగును తేలేదు. రెంటికిని తల్లి ఆ మురుగు. ఊరంతయు విధవరాలి ఇంటివైపు చూచుచుండగా మురుగువైపు చూచువారు లేకపోయిరి. అదియు గాక, కొన్ని శకునములకు ఈపాటి సంబంధమైనను ఉండదు. 1910 మే నెలలో ఆకాశమున పెద్ద తోకచుక్క కనబడు దినములలోనే, 6వ తేదీన, ఏడవ ఎడ్వర్డు రాజు చనిపోయెను. తోకచుక్కయే రాజును తీసికొనిపోయినదని దేశదేశముల చెప్పుకొనిరి. అదే తోకచుక్క 1986లో మరల వచ్చి పోయినది. మన గురజాడ అప్పారావుగారు మాత్రము ఆ 1910లోనే తన "ముత్యాల సరములు"లో దానిని కీడుగా గాక, సంఘసంస్కరణ ప్రయాణమునకు పతాకగా చూచిరి. చుక్క ఒక్కటే, చూపులు రెండు.

చూపు అనగా మాకు అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయము జ్ఞాపకము వచ్చును. ఓడ పగిలి మెలితే ద్వీపమున ఒడ్డుకు చేరిన పౌలు, చలికి వేసిన నిప్పులో పుల్లలు వేయుచుండగా ఒక సర్పము వెలికివచ్చి ఆయన చేయి పట్టెను. ఆ ద్వీపవాసులు చెడ్డవారు కారు. వానలో తడిసిన పరదేశులకు నిప్పు వేసి ఆదరించినది వారే. అట్టివారే పామును చూచినంతనే ఇతడు నరహంతకుడనిరి. కాసేపు చూచిరి. ఆయనకు ఏమియు కాకపోగా ఇతడు దేవుడనిరి. ఒక్క పాము, ఒక్క మనిషి, రెండు తీర్పులు, రెండును తప్పు. పౌలు ఏమి చేసెను? ఆ రెండు బిరుదులకు జవాబుగా ఆయన ప్రసంగించినట్లు అక్కడ వ్రాయబడలేదు. పొప్లి అను వాని తండ్రి జ్వరముతోను రక్తభేదితోను పడియుండగా ఆయన లోపలికి పోయి, ప్రార్థించి, అతనిమీద చేతులుంచెను. శకునములు చెప్పుకొనువారి మధ్య ఆయన జ్వరము పడినవాని దగ్గరకు పోయెను. ఆ భాగము చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. మోండాలో ఆ ఉదయము "పిల్లను డాక్టరుకు చూపించిరా?" అని మేము అడుగనేలేదు.

బోధించుచున్నప్పుడు ఒక యువకుడు మమ్మును అడిగెను: "శకునములు చూడవద్దందురు, మరి తూర్పు జ్ఞానులు నక్షత్రమును చూచి రాలేదా?" మంచి ప్రశ్న. దానిని త్రోసివేయము. అన్యజనులు భయపడు ఆకాశ సూచనలకు మీరు భయపడవద్దని యిర్మీయా గ్రంథము 10వ అధ్యాయము చెప్పుచున్నది. అయినను మత్తయి సువార్త 2వ అధ్యాయములో ఒక నక్షత్రము ఉన్నది. రెంటిని ఎట్లు కలుపవలెను? మేము చాల దినములు ఆలోచించి ఇంతవరకు వచ్చితిమి. ఆ నక్షత్రమును గూర్చి విన్నవారు ఇద్దరు. జ్ఞానులు విని చూచి, కానుకలు పట్టుకొని ఒక బీద యింటికి పోయిరి. హేరోదు దానిని గూర్చి విని, అది కనబడిన కాలమును వివరముగా అడిగి తెలిసికొని, ఆ లెక్కనుబట్టి బేత్లెహేములో రెండేండ్ల లోపు మగపిల్లలను చంపించెను. నక్షత్రము హేరోదునకు అబద్ధము చెప్పలేదు, జ్ఞానులకు వేరొక నిజము చెప్పలేదు. ఒకే వెలుగు. ఒకడు దానిని చూచి మోకాళ్లూనెను, మరియొకడు కత్తి పట్టెను. గనుక "వెలుగు సూచనయా కాదా" అను ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న ఉన్నది: దానిని చూచిన తరువాత నా కాళ్లు ఎవరి ఇంటికి నడచినవి, ఏమి చేతపట్టుకొని నడచినవి? విధవరాలి గుమ్మమునుండి మనలను దూరముగా నడిపించిన వెలుగును బేత్లెహేము నక్షత్రముతో పోల్చుటకు మాకు ధైర్యము చాలదు.

సంఘపెద్ద యొకరు మరియొక విధముగా వాదించిరి. "పోనిండు అయ్యగారూ, ఆ భయముండుటవలన పిల్లలు చీకటిలో చెరువు గట్టుకు పోరు. భయము తీసివేసిన యెడల మునిగిపోవుదురు." ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. మా తల్లియు మమ్మును ఇట్లే భయపెట్టినది, మేము బ్రదికియున్నాము. అయితే చెరువు లోతైనదని చెప్పి కూడ పిల్లలను ఆపవచ్చును గదా. లోతునకు భయపడిన పిల్ల పెరిగి పెద్దదై ఎవరిని వెలివేయదు. దయ్యమునకు భయపడిన పిల్ల పెద్దదైన తరువాత, దయ్యము పేరేమని అడుగును. ఆయన మా మాటకు ఒప్పుకొనలేదు. మరల మాటలాడుదమని లేచిపోయిరి. ఇది వ్రాయునాటికి ఇంకను మాటలాడుచునే యున్నాము.

సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు వారు ఇతరులకంటె పాపులనుకొనుచున్నారా అని ప్రభువు అడిగిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయములో ఉన్నది. ఆ గోపురము ఎందుకు కూలినదో ఆయన వివరించలేదు. పునాది బలహీనమా, రాయి జారినదా, మనకు తెలియదు. తెలియనిదానిని తెలియనిదిగానే ఉంచి, చనిపోయినవారిమీద పడబోవు నిందను మాత్రము ఆయన అడ్డగించెను. మేము అవ్వకు చెప్పవలసియుండిన జవాబు ఇదేనని అప్పుడు తోచినది. "ఎవరిది?" అని ఆమె అడిగినప్పుడు, "ఎవరిదియు కాదు, ఎవరిదో ఒకరిది కావలెనని లేదు" అని.

మరుసటి వారము మరల మోండాకు పోయితిమి. అవ్వ రాలేదు. ఆ తరువాతి వారమును రాలేదు. మూడవ వారము కనబడెను. మేము ముందుగా పిల్ల సంగతి అడిగితిమి. ఆస్పత్రికి తీసికొనిపోయి రక్తపరీక్ష చేయించిరట. మలేరియా కాదట, మరేదో జ్వరమట, తగ్గినదట. తరువాత మేము చెప్పవలెననుకొన్నదంతయు చెప్పితిమి: బురదలోని వాయువు, చీకటిలో దూరము తెలియకపోవుట, చావడి దగ్గర నిలిచిన యెడల వెలుగు పెద్దరైతు మేడ వెనుక కనబడుట. బుడగల మెరుపుల దగ్గర ఆమె ఆవులించెను. పెద్దరైతు మేడ దగ్గర మాత్రము చేయి ఆపి, పండ్లులేని నోటితో పెద్దగా నవ్వెను.

"గది నిజమే అయ్యా. ఆయన ఇంటెనుక కనబడుతె దేవుడొచ్చిండందురు" అనెను.

ఊరివారు మారిరా అని అడిగితిమి. అందరు మారలేదనెను. మన సంఘమువారిలో ఒక స్త్రీ మాత్రము నీళ్లకాడ ఆమెకు బిందె ఎత్తినదట. మేము సంచి చాచితిమి. అవ్వ తోటకూర ఎత్తబోయి, మాని, మూట వెనుకనుండి మరియొక గంప ముందుకు జరిపెను. అందులో లేత బీరకాయలు ఉండెను. ఆమెకు కూరమళ్లే గాని బీరపాదు లేదని మాకు తెలియును.

"ఊళ్లె కొంటలేరు గద" అనెను. "ఇక్కడ ఎవరికి తెలుస్తది? రెండు దినాలకొకసారి నేనే తెస్తున్న. కిలో ఇయ్యాల్నా?"

రెండు కిలోలు తూచమంటిమి.